నీళ్ళ ఒక్కపొద్దు

నాకు మొదటిసారి తేడా తెలిసింది ఎండాకాలంలో ఒక బుధవారం. మా కుట్టు హాల్‌కు పైన రేకులు. ఆ రోజుల్లో అక్కడ కూర్చుని చొక్కా మీద చెమట చుక్క పడకుండా కాలర్ కుట్టడమే ఒక విద్య. అలాంటి చోట మధ్యాహ్నం మూడు గంటలకు నాకు చలి పెట్టింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. చేతిలో కాలర్ వంకర పోయింది. పదకొండేళ్ళలో నేను విప్పి కుట్టిన కాలర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు వరుసగా మూడు విప్పాను.

లైన్ చివర చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడే షమీమ్ ఆపా వచ్చి నా మెడ మీద చెయ్యి పెట్టి చూసింది.

“అరే, ఒళ్ళు పెనం లెక్క కాలుతాంది. ఇంటికి పో రూతమ్మా.”

“ఇంక రెండు గంటలైతే బస్సే వస్తది గదా ఆపా” అన్నాను.

ఆ రెండు గంటలూ కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది. అప్పుడు మాత్రం అది గొప్పనుకున్నాను.

మాది కోస్గి దగ్గర ఒక పల్లె. మా అమ్మానాయినలకు సెంటు భూమి లేదు, ఊళ్ళో పొలాలకు కూలికి పోయినవాళ్ళు. తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేనూ మా ఆయనా షాద్‌నగర్ వచ్చి కిరాయి గదిలో దిగాం. ఆయన గోదాములో హమాలీ. కొడుకు గురుకులంలో చదువుతున్నాడు. నేను చొక్కాలు కుట్టే కంపెనీలో చేరాను. వంగి వంగి కలుపు తీసిన పిల్లకు నీడలో, కుర్చీ మీద పని దొరికిందని మా అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. కలుపు తీసేటప్పుడు గట్టు చాటుకు పోవాలంటే ఎవరినీ అడిగే పని లేదన్న సంగతి మా ఇద్దరికీ అప్పుడు గుర్తు రాలేదు.

నా జబ్బు సంగతి చెప్పాలంటే ముందు టోకెన్ సంగతి చెప్పాలి. మా లైన్‌లో నలభై మందిమి. సూపర్‌వైజర్ గిరి సార్ టేబుల్ పక్కన మేకుకు ఒక ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ వేలాడుతుంది. టాయిలెట్‌కు పోవాలంటే ఆ బిళ్ళ మెడలో వేసుకుని పోవాలి. మేకు ఖాళీగా ఉంటే ఎవరో పోయారన్నమాట, ఆగాలి. ఒకామె వచ్చేలోపు ఇంకొకామె చూపు ఆ మేకు మీదే. తీరా పోతే అక్కడ అయిదు తలుపులు, రెండింటికి ఎప్పుడూ తాళం, ఒకదానికి గడియ లేదు. ఎండాకాలంలో డ్రమ్ములోంచి నీళ్ళు మోసుకోవాలి. కాస్త ఆలస్యమైతే గిరి సార్ మైక్ అందుకుంటాడు. “కాలర్ రూతమ్మా, పోయి ఎంత సేపాయె?” అంటే ఇస్త్రీ చేసే మగవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. ఆయన బూతు మాట అనడు, చెయ్యెత్తడు. మైక్ ఉన్నవాడికి అవేమీ అక్కర్లేదు.

అందుకని మేం కనిపెట్టుకున్న ఉపాయం ఒకటే, భోజనం బెల్లు దాకా నీళ్ళు తాగకపోవడం. పల్లెలో వారానికో దినం ఒక్కపొద్దు ఉంటారు కదా, అట్లా దీన్ని నీళ్ళ ఒక్కపొద్దు అని నవ్వుకునేవాళ్ళం. షమీమ్ ఆపా ఎగతాళి చేసేది.

“మా రోజా నెలకు అయిపోతది. పొద్దుగూకితే విడుస్తం. మీ ఒక్కపొద్దు ఏండ్లకేండ్లు నడుస్తాందేందే?”

అనేది గానీ, ఆమె కూడా ఉండేది.

ఈ ఒక్కపొద్దుకు నియమాలున్నాయి. వాటిని కొత్తవాళ్ళకు నేర్పేది నేనే. పొద్దున అంబలి వద్దు. చాయ్ సగం గ్లాసు. రొట్టె పొడిగా తినాలి, పచ్చడి తగలనీయకూడదు, దప్పిక పుడుతుంది. దవడలో ఎండు ఉసిరి ముక్క పెట్టుకుంటే నోరు తడిగా ఉంటుంది. మధ్యాహ్నం అన్నంతో అర గ్లాసు. మిగతా నీళ్ళన్నీ ఇంటికి పోయాకే. పొద్దటిపూట టోకెన్ ముట్టని మనిషిగా నాకు లైన్‌లో పేరు. ఒక మహిళా దినోత్సవం నాడు స్టేజీ మీదికి పిలిచి చప్పట్లు కొట్టించి బహుమతి ఇచ్చారు. విప్పి చూస్తే స్టీలు నీళ్ళ సీసా. షమీమ్ ఆపా నవ్వలేక కడుపు పట్టుకుంది.

బట్టలు కొనే విదేశీ కంపెనీవాళ్ళు చూడటానికి వచ్చే రోజు మాత్రం మేకు కూడా కనపడేది కాదు. తాళాలు తీసేవారు, సబ్బు పెట్టేవారు, హాల్ నడుమ నీళ్ళ క్యాన్లు వచ్చేవి. “ఎన్నిసార్లైనా పోవచ్చని చెప్పున్రి” అని గిరి సార్ ముందురోజే పాఠం చెప్పేవాడు. పాపం ఆ వచ్చినవాళ్ళు నవ్వుతూ అడిగేవారు, మేం నవ్వుతూ చెప్పేవాళ్ళం.

ఆ బుధవారం జ్వరానికి ముందే సూచనలు కనపడ్డాయి. మూత్రానికి పోతే మంట. రంగు చిక్కటి పసుపు, వాసన. ఎడమ పక్క నడుముకు పైన లోపలెక్కడో ఒక బరువు. కాలర్ మిషన్ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంటాం కాబట్టి కూర్చునే నొప్పే అనుకున్నాను. మా లైన్‌లో నడుము నొప్పి లేనిదెవరికి?

కంపెనీలో మెడికల్ రూమ్ ఉంది. ఒక మంచం, ఒక సిస్టర్, ఒక ప్లాస్టిక్ డబ్బా. డబ్బా నిండా నొప్పి గోళీలు. మర్నాడు పోతే సిస్టర్, “ఒకటి ఇప్పుడు, ఒకటి సాయంత్రం” అని చేతిలో పెట్టింది. తలనొప్పి వచ్చినా, నెలసరి నొప్పి వచ్చినా, సూది వేలులో దిగినా అదే గోళీ. ఆ డబ్బా దగ్గరికి పోవడానికి టోకెన్ అక్కర్లేదు, ఎన్నిసార్లు పోయినా మైక్‌లో పేరు రాదు. నేను రోజూ పోయాను. గుక్కెడు నీళ్ళతో గోళీ మింగి వచ్చి మళ్ళీ కాలర్లు కుట్టాను.

మంట ఎక్కువైనప్పుడు మందుల దుకాణానికి పోయాను. “యూరిన్ ఇన్ఫెక్షన్ అక్కా, అయిదు రోజులు వాడు” అని యాంటీబయాటిక్ ఇచ్చాడు. రెండు రోజులకే మంట తగ్గింది. మిగిలిన గోళీలు మళ్ళీ వస్తే పనికొస్తాయని దాచుకున్నాను. మళ్ళీ వచ్చింది, అవి వేసుకున్నాను. దసరా లోపల ఇట్లా నాలుగుసార్లు జరిగింది.

ఈ నడుమనే, జూన్‌లో, నా చెల్లె బిడ్డ అనిత మా ఇంటికి వచ్చింది. ఇంటర్ తప్పింది, పద్దెనిమిది నిండాయి. మా చెల్లె ఫోన్‌లో, “నీ చేతుల పెడుతున్నక్కా, నీ బిడ్డ లెక్క చూసుకో” అంది. నేనే గిరి సార్‌తో మాట్లాడి మా లైన్‌లో చేర్పించాను. మొదటి రోజు బస్సు కోసం నిలబడినప్పుడు చూస్తే పిల్ల సంచిలో లీటరు సీసా నిండా నీళ్ళు. తీసుకుని రోడ్డు పక్కన పారబోశాను.

“ఏంది పెద్దమ్మా, నీళ్ళు పారబోస్తున్నవ్?”

“తాగి ఏం జేస్తవ్? గంటకోపారి లేస్తే మైక్ల నీ పేరు మోగుతది. ఆడపిల్లవు, గంత మందిల పేరు మోగుడు మంచిగుంటదా? నేను చెప్తున్న, విను.”

ఉసిరి ముక్క నా చేత్తోనే ఆమె నోట్లో పెట్టాను. నాకు అప్పటికే మూత్రంలో మంట. ఆ మంట పెట్టుకునే నేర్పాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

దసరా సెలవులో మా ఆయన పోరు పడలేక షాద్‌నగర్‌లోనే ఒక డాక్టర్ దగ్గరికి పోయాను. పెద్దాయన. యూరిన్ రిపోర్ట్ చూసి, “పస్ సెల్స్ ప్లెంటీ అని వచ్చింది, అంటే చీము. మళ్ళీ మళ్ళీ వస్తోందంటున్నావు, స్కానింగ్ చేయించు. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగాలమ్మా” అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

“ఎందుకు నవ్వుతున్నావు?”

“తాగుతా సార్. తాగినంక యాడికి పోవాలె?”

టోకెన్ సంగతి చెప్పాను. ఆయన రాసేది ఆపాడు. తర్వాత ఇంకో కాగితం తీసి ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసి ముద్ర వేశాడు. ఇంట్లో అనిత చదివి చెప్పింది. ఈమెకు అవసరమైనప్పుడల్లా టాయిలెట్‌కు పోయే వీలు ఇవ్వాలని. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషిని, మూత్రానికి పోవడానికి డాక్టర్ చీటీ పట్టుకుని పోయాను.

గిరి సార్ చీటీని అటూ ఇటూ తిప్పాడు. “గిది లీవ్ చీటీ గాదు గదమ్మా. నేనేం జెయ్యాలె? లైన్ ఆగితే మీదోళ్ళు నన్ను తిడ్తరు. ఆఫీసుల ఇయ్యి.” ఆఫీసులో మేడం కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడింది. “అందరూ ఇలాంటి లెటర్లు తెస్తే లైన్ ఎలా నడుస్తుంది, మీరే చెప్పండి. మీరు సీనియర్. కొత్తవాళ్ళు మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు.”

ఆ ‘సీనియర్’ అన్న మాటకు పొంగిపోయాను. చీటీ మడిచి రవికెలో పెట్టుకుని వచ్చి మిషన్ మీద కూర్చున్నాను. పొగడ్తకు పడిపోయే నా గుణం లేకపోతే నా రోగం ఇంత దూరం వచ్చేది కాదేమో. స్కానింగ్‌కు ఒక రోజు సెలవు పెట్టాలి. క్రిస్మస్‌కు ఎట్లాగూ పెడతాను కదా, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

క్రిస్మస్ దాకా ఆగలేదు. ముందు వారం, ఆర్డర్ పంపాల్సిన రోజులు. రెండు రోజులుగా చలిజ్వరం, వాంతులు. పదకొండు గంటలప్పుడు ఎడమ పక్క కత్తి దిగినట్టు నొప్పి వచ్చింది. లేచి నిలబడ్డాను. మేకు వైపు చూశాను, బిళ్ళ లేదు. అంతే, అన్నేళ్ళు ఆపినది ఆ రోజు ఆగలేదు. కుర్చీ, చీర, కింద నేల తడిసిపోయాయి. మిషన్లు ఒకటొకటే ఆగాయి. నేను కింద కూలబడ్డాను. షమీమ్ ఆపా పరుగెత్తి వచ్చి తన చున్నీ తీసి నా నడుముకు చుట్టింది. నమాజు తప్పని మనిషి, అంతమంది మగవాళ్ళ ముందు చున్నీ లేకుండా నిలబడి గిరి సార్ మీద అరిచింది. “ఇప్పుడు పిలువు సార్ మైక్ల! ఇప్పుడు పిలువు!”

కంపెనీ వ్యాన్‌లోనే హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అల్ట్రాసౌండ్ చేసిన డాక్టర్ తెర మీంచి కళ్ళు తీయకుండా పక్కనున్న ఆమెతో, “లెఫ్ట్ గ్రాస్ హైడ్రోనెఫ్రోసిస్. స్టోన్ అడ్డం పడింది, పైనంతా పస్” అన్నాడు. ఆ పక్కనున్నామె చిన్న వయసు డాక్టరమ్మ. నాకు అర్థమయ్యేట్టు చెప్పింది ఆమే. “మీ ఎడమ కిడ్నీలో రాయి ఉంది. మూత్రం కిందికి దిగే దారి మూసుకుపోయింది. లోపలంతా చీము పట్టింది. వీపులోంచి ట్యూబ్ వేసి తీసేయాలి, పీసీఎన్ అంటారు. ఈరోజే వేయాలి. రక్తంలోకి పాకితే ప్రాణానికే కష్టం.”

బోర్లా పడుకోబెట్టి మత్తు సూది ఇచ్చి ట్యూబ్ వేశారు. దాని కొసకు ఒక సంచి. మొదట వచ్చింది చీమే. ఆ వాసన నాలోంచి వచ్చిందంటే నమ్మలేకపోయాను. కిడ్నీ ఎట్లా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్, ఒకటి దగ్గర ఉండాల్సింది, మూడు దాటిందని డాక్టరమ్మ చెప్పింది.

“ఎన్నాళ్ళ నుంచి ఉంది నొప్పి?”

“ఏడాది అవుతాంది మేడం.”

“పెయిన్ కిల్లర్స్ వాడారా?”

“దినాం వేసుకున్న. కంపెనీల ఇస్తరు.”

ఆమె రాసుకుంటూ ఆగింది. “రోజూనా? నీళ్ళు తాగకుండా?” అంది. “ఆ గోళీలు కిడ్నీకి మంచివి కావు, అందులో నీళ్ళు లేనప్పుడు అసలే వేసుకోకూడదు. మీరు నొప్పి తగ్గించుకుంటూ వచ్చారు, లోపల రోగం పెరుగుతూ వచ్చింది.”

సంచి నిండినప్పుడల్లా సిస్టర్ కొలిచి కాగితం మీద రాసేది. “గుడ్, ఇవాళ యూరిన్ బాగా వచ్చింది” అని మెచ్చుకునేది. నా మూత్రాన్ని ఒకరు మెచ్చుకోవడం నా బతుకులో అదే మొదటిసారి. మా ఆయన వార్డు బయట నేల మీద తువ్వాల పరుచుకుని పడుకునేవాడు. లోపలికి వచ్చి గ్లాసు గ్లాసుగా నీళ్ళు తాగించేవాడు. “ఇన్నేండ్లు ఒక్క మాట నాకు చెప్పకపోతివి” అని ఒకసారి అన్నాడు. ఏం చెప్పాలి? నీ భార్య మూత్రానికి పోలేకపోతుందని చెప్పుకునే మాటా అది?

వారం తర్వాత ఆదివారం అనిత చూడటానికి వచ్చింది. మంచం మీద కూర్చుని నన్ను సంతోషపెట్టాలని లైన్ కబుర్లు చెప్పింది. చెప్పి చెప్పి, చిన్నగా నవ్వుతూ, “పెద్దమ్మా, నన్ను కాలర్ మీదికి మార్చిన్రు. నీ మిషనే. ఈ నెలంత పొద్దటిపూట టోకెన్ ముట్టలే నేను. గిరి సార్ అందరి ముంగట అన్నడు, రూతమ్మ లేకున్నా రూతమ్మ బిడ్డ ఉన్నదని” అంది.

నా వీపులో ట్యూబ్, పక్కన చీము సంచి. వాటిని చూస్తూ కూడా ఆ పిల్ల ఆ మాట గర్వంగా చెప్పింది. ఆ రోజు నా కిడ్నీ సంగతే మరిచిపోయాను.

“వద్దు బిడ్డా. నీళ్ళు తాగు. బిళ్ళ తీసుకో. పేరు మోగితే మోగనీ.”

“నువ్వే గద నేర్పింది?”

“తప్పు నేర్పిన.”

“గిప్పుడు చెప్తే ఎట్ల పెద్దమ్మా? కాలర్ మీద గంటకోపారి లేస్తే కాలర్ల కట్టలు నా ముంగట గుట్ట పడ్తయి. నువ్వు ఎరుగనట్టు మాట్లాడకు. నాకు నీ అంత వయసు లేదు, నాకేం గాదు.”

అరటిపండ్లు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను ముఖం గోడకు తిప్పుకుని ఏడ్చాను. మా చెల్లె తన బిడ్డను నా చేతిలో పెట్టింది, నేనేమో నా రోగాన్ని దాని చేతిలో పెట్టాను.

మూడు వారాలకు చీము ఆగాక డీటీపీఏ స్కాన్ తీశారు. ఏ కిడ్నీ ఎంత పనిచేస్తుందో అందులో తెలుస్తుందట. డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. “కుడి కిడ్నీ పనిచేస్తోంది. ఎడమది ఏడు శాతమే. దాన్ని ఉంచితే మళ్ళీ మళ్ళీ చీము పడుతుంది. తీసేయడమే మంచిది. నెఫ్రెక్టమీ.”

“మందులతోని గాదా మేడం?” అని మా ఆయన అడిగాడు.

“ఏడాది ముందు వచ్చి ఉంటే రాయి తీస్తే సరిపోయేదేమో. ఇది ఒక్కరోజులో పోలేదండీ.”

ఆ చీటీ రాసిన పెద్ద డాక్టర్ దసరాకే స్కానింగ్ చేయించమన్నాడు. సీనియర్‌నని పొంగిపోయి నేను చేయించలేదు. అప్పటికైనా దక్కేదో లేదో ఎవరూ చెప్పలేరు. చెప్పలేరన్నదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

ఆపరేషన్ బాగానే అయిందన్నారు. అయిదో రోజు కుట్ల దగ్గర ఎర్రబడి చీము పట్టింది. జ్వరం. తగ్గిన క్రియాటినిన్ మళ్ళీ పెరిగింది. “ఒకటి రెండుసార్లు డయాలసిస్ అవసరం పడొచ్చు” అని డాక్టరమ్మ అంది. డయాలసిస్ అంటే ఇక అంతే అని మా పల్లెలో అనుకుంటారు. నాలుగు రోజులు, ఉన్న ఒక్క కిడ్నీని నేను పేరు పెట్టి పిలిచినట్టు బతిమాలుకున్నాను. అయిదో రోజు అంకె దిగడం మొదలుపెట్టింది. డయాలసిస్ తప్పింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది ఒకటే. “మిగిలింది ఒకటే. మూత్రం ఆపుకోవద్దు. నొప్పి గోళీ ముట్టొద్దు.”

ఇంటికి వచ్చిన నెలకు, అనిత డ్యూటీకి పోయాక దాని సంచిలో ఉతకాల్సిన బట్టల కోసం వెతికితే, అడుగున గోళీల షీట్ దొరికింది. అదే గోళీ, డబ్బాలోది. సగం అయిపోయింది. ఆ రోజు సాయంత్రం బస్సు దిగేచోటికి కుట్లు పట్టుకుని నడిచిపోయి నిలబడ్డాను. అనిత దిగగానే షీట్ చూపించాను.

“ఎన్ని దినాల సంది మండుతాంది?”

ముందు అబద్ధం చెప్పింది. తర్వాత రోడ్డు మీదే ఏడ్చింది. “రెండు నెలలు. చెప్తే అమ్మ నిన్ను తిడ్తదని చెప్పలే.” నన్ను కాపాడటానికి దాచిందట. అక్కడి నుంచి ఇంటికి పోలేదు, తిన్నగా ఆ చీటీ రాసిన పెద్దాయన దగ్గరికే తీసుకుపోయాను. యూరిన్ కల్చర్, స్కానింగ్ అన్నీ చేయించాం. ఇన్ఫెక్షన్ ఉంది, కిడ్నీలు బాగున్నాయి. ఆ మాట వినగానే నా కుట్ల నొప్పి తెలియలేదు. పది రోజుల కోర్సు ఒక్క గోళీ తప్పకుండా నా కళ్ళ ముందు మింగించాను. మా చెల్లెకు నేనే ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అది తిట్టలేదు. “నీకెట్ల మనసొచ్చింది అక్కా?” అంది. తిడితే బాగుండేది.

మూడు నెలల తర్వాత ఫిట్‌నెస్ కాగితం తీసుకుని పనికి పోయాను. దారాలు కత్తిరించే టేబుల్ దగ్గర వేశారు. మొదటి రోజే తొమ్మిదింటికి అందరి ముందు గ్లాసు నిండా నీళ్ళు తాగాను. పదింటికి బిళ్ళ మెడలో వేసుకుని పోయాను. పదకొండున్నరకు మళ్ళీ పోయాను. మైక్ మోగింది. “రూతమ్మా, ఇంకెన్నిసార్లమ్మా?”

నేను కూర్చున్నచోటి నుంచే గట్టిగా, “నాకు ఉన్నది ఒక్కటే సార్. దానికి ఎన్నిసార్లు పోవాలెనంటే అన్నిసార్లు” అన్నాను. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి షమీమ్ ఆపా చెకింగ్ వదిలి పోయి బిళ్ళ తీసుకుంది. ఆమె రాగానే ఇంకొకామె. ఆ వారం ఆ మేకుకు బిళ్ళ ఒక్క నిమిషం కూడా వేలాడలేదు. మూడో వారం ఆఫీసుకు పిలిచారు. అదే మేడం, అదే మర్యాద. “మీ ఆరోగ్యం మాకు ముఖ్యం. రెస్ట్ తీసుకోండి.” కాగితం అంతా ముందే టైపు చేసి ఉంది, ఆరోగ్య కారణాల వల్ల నేనే మానేస్తున్నానని. మా ఆయన సంతకం పెట్టొద్దన్నాడు. నాకు మాత్రం కొట్లాడే సత్తువ లేకపోయింది. పెట్టేశాను. ఆ సంతకం గురించి ఇప్పటికీ బాధపడతాను.

నేను మానేసిన నెలకు మా లైన్‌లో ఇంకో బిళ్ళ తగిలించారు. ఇప్పుడు రెండు. పదకొండేళ్ళు, ఒక కిడ్నీ ఇచ్చి నేను సంపాదించింది ఆ ప్లాస్టిక్ ముక్క. గిరి సార్‌ను కూడా వేరే లైన్‌కు మార్చారట. కొత్తగా వచ్చినాయన దగ్గరా మైక్ ఉంది.

ఇప్పుడు ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుడుతున్నాను. బాత్రూం నాలుగడుగుల దూరం. మొదట్లో లేవాలంటే చెయ్యి ఆగిపోయేది, ఎవరినో అడగాలన్నట్టు తలుపు వైపు చూసేదాన్ని. మా ఆయన చూసి, “ఎవరి కోసం చూస్తున్నవ్? పో” అనేవాడు. ఆ అలవాటు పోవడానికి కుట్లు మానినదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. మూడు నెలలకోసారి క్రియాటినిన్ చూపించుకుంటాను. ఒకటిన్నర దాటకుండా ఉంది. ఉప్పు తగ్గించాను. కోపం తగ్గలేదు.

అనిత ఇంకా అక్కడే పనిచేస్తోంది. వేరే పని దొరకలేదు. భోజనానికి ముందు రెండుసార్లు పోతుంది. కాలర్ మిషన్ నుంచి తీసి గుండీల మిషన్ మీద వేశారు. నాతో మునుపటిలా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. మొన్న ఆదివారం మాత్రం ఒక పిల్లను ఇంటికి వెంటబెట్టుకుని వచ్చింది. ఆత్మకూర్ వైపు పిల్ల, చేరి వారమట.

“పెద్దమ్మా, జర నీ మచ్చ చూపియ్యి. నేను చెప్తే వింటలేదు. లైన్ల ఎవరో అక్క నీళ్ళు తాగొద్దని చెప్పిందంట.”

ఎవరో అక్క. నేను నేర్పినవాళ్ళలో ఒకరే అయి ఉంటుంది. పేరు అడగలేదు. చీర పక్కకు తీసి చూపించాను. పక్కటెముకల కింద నుంచి పొట్ట మీదికి జానెడు మచ్చ. పిల్ల చూసి కళ్ళు దించుకుంది. మెల్లగా, “గా అక్క మంచిదే పెద్దమ్మా. నా మంచికే చెప్పింది” అంది.

“ఔ బిడ్డా” అన్నాను. “నేను గూడ మంచిదాన్నే ఉంటి.”

ఇది చదివే అక్కాచెల్లెళ్ళకు నేను చెప్పేది ఒకటే. నీళ్ళు తాగొద్దని ఏ సూపర్‌వైజరూ అనడు, ఏ కంపెనీ గోడ మీదా రాసి ఉండదు. ఆ మాట చెప్పేది మన పక్క మిషన్ మీది మనిషి, మన మేలు కోరే చెబుతుంది. ఆమె మీద కోపం పెట్టుకోకండి. ఒక గ్లాసు నీళ్ళు ఆమెకు ఇవ్వండి, ఒక గ్లాసు మీరు తాగండి. ఒక్కరే లేస్తే మైక్‌లో పేరు వస్తుంది, ఇద్దరూ కలిసి లేవండి.